ఊదారంగు గాలి

లిఫ్టు మేస్త్రీ చెయ్యి పడితే ఎంత మొండి యంత్రమైనా మాట వింటుందని ఆ వీధిలో చిన్నా పెద్దా అందరూ అనుకునేవారు. ముప్పై ఆరేళ్ళు ఎత్తైన భవనాల్లో లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాక, ఊరికే కూర్చుంటే మనిషికి తుప్పు పడుతుందని ఇంట్లో భోజనాల బల్ల మీదే దుకాణం తెరిచాడాయన. ఇరుగుపొరుగు వాళ్ళ మిక్సీలు, ఫ్యాన్లు, నోరు పడిపోయిన రేడియోలు అన్నీ ఆ బల్ల మీదికే చేరేవి. ఇల్లాలు కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఓ రోజు కూరలో వాషరు పంటి కింద పడేసరికి, లేచి వెళ్ళి బల్లకు అడ్డంగా తెల్ల టేపు అంటించింది.

"ఇటు కంచాలు, అటు మీ స్క్రూలు. హద్దు దాటితే మాత్రం నేనూరుకోను. పన్ను విరిగితే దానికి స్పేర్ పార్టు దొరకదు" అంది.

అలాంటి బల్ల మీదికి ఒక ఆదివారం పొద్దున అక్క పెట్టె వచ్చింది.

అక్క ఆయనకంటే ఆరేళ్ళు పెద్దది. పెళ్ళీ పెటాకులూ వద్దనుకొని, ఇరవై రెండేళ్ళు ఒక నాటకాల కంపెనీలో పనిచేసింది. వేషాలు వెయ్యలేదు. తెర పక్కన చీకట్లో కూర్చొని చప్పుళ్ళు చేసేది. వేదిక మీద వాన పడాలన్నా, రైలు కదలాలన్నా, ఉరమాలన్నా అక్క చెయ్యి ఆడాల్సిందే. ఆ చప్పుళ్ళన్నీ పలికేది ఈ పెట్టే. దీన్ని సింథసైజరు అంటారు. రెండు మూరల పొడవు, పక్కలకు చెక్క, ముందు హార్మోనియంకున్నట్టు మెట్లు. మెట్లపైన వాలుగా ఒక రేకు, ఆ రేకు నిండా ముప్పై ఒక్క నాబులు. ఒక నాబు తిప్పితే గొంతు లావవుతుంది, ఇంకోటి తిప్పితే సన్నబడుతుంది, మరోటి పాములా బుసకొట్టిస్తుంది. ఈ కాలం పెట్టెల్లా చెప్పింది గుర్తుపెట్టుకునే తెలివి మాత్రం దానికి లేదు. వాన కావాలంటే ముప్పై ఒక్క నాబులూ వాన దగ్గర నిలపాలి. రైలు కావాలంటే మళ్ళీ అన్నీ తిప్పాలి.

కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయింది. పెట్టె అక్క మంచం కింద పడుకుంది. ఇప్పుడెవరో కుర్ర డైరెక్టరు ఆనాటి నాటకం ఒకటి మళ్ళీ వేస్తానని బయల్దేరి, వెతుక్కుంటూ అక్క ఇంటికొచ్చాడు. చివరి రంగంలో మాటలుండవు. ఖాళీ ఇంట్లో గాలి ఒక్కటే వినపడుతుంది. ఆ గాలి గురించి వాళ్ళ నాన్న చెప్పగా విన్నాడట, మీరే వచ్చి వినిపించాలని బతిమాలాడు. డెబ్బై రెండేళ్ళ మనిషికి పాతికేళ్ళ ప్రాణం లేచొచ్చింది. తీరా పెట్టెకు కరెంటు పెడితే ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. నెల రోజుల్లో నాటకం.

"లోపల ఏం చేసుకుంటావో నీ ఇష్టంరా. పైన మాత్రం..." అని అక్క ఏదో చెప్పబోయింది.

"నాకు చెప్పకక్కా. నా పని నాకు తెలుసు" అన్నాడు మేస్త్రీ, అప్పటికే స్క్రూడ్రైవరు అందుకొని.

ఆ సగం మాటే తరవాత ఆయన్ని నిద్రలో కూడా పొడిచింది.

పని చేసిన తీరుకు వంక పెట్టడానికి లేదు. దక్కాల్సిన మెప్పు దక్కాలి. మేస్త్రీకి పని నేర్పిన గురువు రెండు నియమాలు పెట్టాడు. ఏది విప్పినా ముందు లోపలి తీగల బొమ్మ పుస్తకంలో గీసుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు వస్తువు ఇప్పుడే షాపులోంచి దిగినట్టు మెరవాలి. "పని లోపల, పేరు బయట" అనేవాడాయన. మేస్త్రీ ఆరు పేజీల బొమ్మ గీశాడు. ప్రతి తీగకూ చీటీ కట్టాడు. మెట్ల కింద వేసిన స్పాంజి పట్టీ ముసలిదై నల్లటి పాకంలా కరిగి అంతటా అంటుకుంది. దాన్ని గోకి తీసి కొత్తది వేశాడు. ఉబ్బిన కండెన్సర్లు రెండు మార్చాడు. టంకం పగిలిన చోటల్లా కొత్త టంకం పెట్టాడు. శ్రుతి మెల్లగా జారిపోతుంటే ఫోన్లో శ్రుతి చూపించే ముల్లు పెట్టుకొని మూడు రోజులు దానితో కుస్తీ పట్టాడు. పదో రోజున పెట్టె గొంతు విప్పింది. ఇల్లాలు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

మర్నాడు మెరుగు పెట్టే పని. పై రేకు నిండా ఆ నల్లటి జిగురు, దాని కింద ఏవో రంగుల గీతలు. ప్రతి నాబు చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఇన్నేళ్ళలో ఏ పక్కింటి పిల్లలో రంగు పెన్నులతో గీకి ఉంటారనుకున్నాడు. బట్ట మీద స్పిరిట్ పోసుకొని, ఈల వేసుకుంటూ, మూల మూలలా తుడిచాడు. రేకు అద్దంలా తేలింది. దూరంగా నిలబడి చూసుకొని మురిసిపోయాడు.

అప్పుడే ఫోను మోగింది. అక్క.

"పలికిందటగా, మరదలు చెప్పింది. నీ చేతులు చల్లగుండ. ఒరే, ఆ రంగు గీతలు జాగ్రత్తరా. నా ఇరవై రెండేళ్ళ బతుకూ ఆ గీతల్లోనే ఉంది. ఎరుపు రైలు, పచ్చ వాన, నీలం ఉరుము. ఊదా గాలి. ఆ గాలి పట్టుకోడానికి నాకు పదకొండు రోజులు పట్టింది తెలుసా. తుడవకుండా ఊరికే దుమ్ము దులుపు."

మేస్త్రీ చేతిలో బట్ట ఉంది. దాని మీద నాలుగు రంగులూ కలిసిపోయి ఉన్నాయి. 

"అలాగే అక్కా. నాకు తెలీదా" అన్నాడు.

ఫోను పెట్టేసి చూస్తే ఇల్లాలు గుమ్మంలో నిలబడి ఉంది. బట్టను చూసింది, రేకును చూసింది, మొగుడి మొహం చూసింది.

"ఫోను మళ్ళీ కలపండి" అంది.

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలుసు. ఇప్పుడు చెబితే నాలుగు తిట్లతో పోతుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేకండి."

"తిడితే పడొచ్చే. కానీ మా తమ్ముడంతటి పనివాడు లేడని ఊరంతా చెప్పుకునేది అక్కొక్కతే. ఆ నోటితో నన్నేమంటుందో నాకు వినాలని లేదు."

టార్చి తెచ్చి రేకు మీద అడ్డంగా వెలుగు పడేలా పెట్టాడు. ఎరుపు, పచ్చ, నీలం రంగులు పెయింటులోకి కొంచెం దిగి ఉన్నాయి కాబట్టి నీడల్లా కనిపించాయి. పేపరు మీద ఎక్కించుకొని, బజారుకెళ్ళి రంగు పెన్నులు కొనుక్కొచ్చి, ఆ నీడల మీదే మళ్ళీ గీశాడు. ఊదా మాత్రం సన్నటి పెన్నుతో గీసిందేమో, జాడ కూడా మిగల్లేదు.

"ఆ గాలి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి, చెవితో పట్టుకోవచ్చు" అంది ఇల్లాలు.

 గుర్తు తెచ్చుకోవాలంటే ఎప్పుడో ఒకప్పుడు విని ఉండాలి కదా. ఇరవై రెండేళ్ళలో అక్క నాటకానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదాయన. ఒకసారి డ్యూటీ అన్నాడు, ఒకసారి జలుబన్నాడు, తరవాత అక్కే పిలవడం మానేసింది. ఇల్లాలు మాత్రం మూడుసార్లు చూసొచ్చింది.

"పోనీ నువ్వు చెప్పు. ఎలా ఉంటుంది?"

"ఎలాగంటే... అందరూ లోపలే ఉన్నారనుకొని తలుపు తీస్తే ఎవ్వరూ లేనట్టుంటుంది."

"అలా చెబితే ఈ నాబు ఎంత తిప్పాలో నాకెలా తెలుస్తుంది?"

"తిప్పండి, చెబుతాను. ఊహూ, అది కుక్కర్ లాగుంది. ఇది కాదు. ఇదీ కాదు. ఇంకా సన్నంగా, ఏడ్చి ఏడ్చి ఆపేసినట్టు..."

గంట తిప్పేసరికి మేస్త్రీకి ఓపిక నశించింది. నీకేం తెలుసులే అన్నాడు. ఆవిడ లేచి వెళ్ళిపోయింది. ఆయన ఒక్కడే కూర్చొని, గాలిలా వినపడిన చోట నాబులు ఆపి, ఊదా పెన్నుతో ముప్పై ఒక్క గీతలు గీశాడు. పాతవాటిలాగే వంకరగా వచ్చాయి. బాగా కుదిరాయని లోలోపల ఒక్క క్షణం సంతోషించాడు కూడా. సిగ్గంటే అదీ.

ఆదివారం అక్క వచ్చింది. పెట్టెను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఒసేయ్ మరదలా, వీడికి వజ్రపు ఉంగరం తొడగాలే" అంది. ఇల్లాలు నవ్వలేదు. కాఫీ వంకతో వంటింట్లోకి పోయింది.

అక్క కుర్చీ లాక్కొని, ఎర్ర గీతల దగ్గర నాబులు నిలిపి మెట్టు నొక్కింది. గది మధ్యలోంచి రైలు పోయింది. పచ్చ గీతలకు తిప్పితే వాన పడింది. నీలానికి కిటికీ అద్దాలు అదిరాయి.  ఆవిడ ఊదా గీతల దగ్గరికి ఒక్కో నాబునూ తిప్పి, నిదానంగా మెట్టు నొక్కి, కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచింది. మళ్ళీ నొక్కింది. తల ఒక పక్కకు వంచి వింది, ఇంకో పక్కకు వంచి వింది. కుడిచెవి మూసుకొని ఒకసారి, ఎడమచెవి మూసుకొని ఒకసారి.

"ఇది గాలి కాదురా" అంది మెల్లగా. "నువ్వు మార్చిన వాటివల్ల ఏమన్నా తేడా వచ్చిందంటావా?"

అక్కడ దేవుడు ఆయనకొక దారి చూపించాడు. కొత్త కండెన్సర్లక్కా, గొంతు కొంచెం మారుతుంది అంటే సరిపోయేది. అబద్ధమే అయినా ఎవరినీ గాయపరచని అబద్ధం. కానీ తన పనిని తప్పు పట్టారనేసరికి నోరు దానంతటదే లేచింది.

"నేను వేసినవన్నీ సరిగ్గా ఉన్నాయక్కా. ముల్లు పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. రైలూ వానా బాగానే పలికాయిగా?"

"అవున్లే. అవి బాగానే ఉన్నాయి." అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "గీతలు ఉన్నచోటే ఉన్నాయి. పెట్టె బాగుంది. అయితే పోయినవి నా చెవులే. పోయినేడాది డాక్టరు చెప్పాడు, వయసు మీద పడ్డాక సన్నటి చప్పుళ్ళు ముందు వినపడ్డం మానేస్తాయమ్మా అని. గాలంతా సన్నటి చప్పుడే కదా."

"అది కాదక్కా..."

"ఊరుకోరా. ఇందులో నువ్వు చేసేదేముంది."

ఆవిడ అక్కడే, ఆ బల్ల దగ్గరే కూర్చొని డైరెక్టరుకు ఫోను చేసింది. "బాబూ, నేను రాలేను. నా చెవులు పనికిరావట. ఎక్కడైనా రికార్డు చేసిన గాలి దొరుకుతుంది, అది వేసుకోండి" అంది. అవతలి మనిషి బతిమాలుతున్నట్టున్నాడు. "తెలిసి తెలిసి నలుగురి ముందు తప్పు వాయించలేను నాయనా" అని పెట్టేసింది. ఆ మాట్లాడినంతసేపూ మేస్త్రీ రెండడుగుల దూరంలో తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. పెట్టె ఇక నాకెందుకు, ఎవరికన్నా ఇచ్చెయ్యమని చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది అక్క.

ఆ తరవాత రెండు రోజులు ఇల్లాలు మొగుడితో మాట్లాడలేదు. చెప్పదలచుకున్నది గిన్నెలకు చెప్పింది. "ఏమే మూతా, కొందరికి తీగల పుస్తకంలో ఆరు పేజీలు రాయడానికి తీరుబడి ఉంటుంది, ఒక్క ముక్క నిజం చెప్పడానికి ఉండదు" అనేది.  ఎవరో మిక్సీ తెచ్చి, మీ అంతటి మేస్త్రీ లేరండీ అంటే, ఆయన తలుపు మొహం మీదే వేసినంత పని చేశాడు.

మూడో రోజు పొద్దున అక్క ఇంటికి వెళ్ళాడు. నాలుగో అంతస్తు. లిఫ్టు ఉన్నా ఎక్కకుండా మెట్లెక్కి వెళ్ళాడు, ఆలస్యంగా చేరదామని. తలుపు తీసే ఉంది. ఎప్పుడూ పాడుతూ ఉండే రేడియో గుడ్డ కప్పుకొని ఉంది.

"రా, రా" అని అరిచినంత గట్టిగా అంది అక్క. "గట్టిగా మాట్లాడు. చెవిటిదాన్నిగా."

"మామూలుగానే వినపడుతుందక్కా నీకు."

"ఏంటీ?"

వినపడలేదని కాదు. వినపడదని నమ్మేసింది పాపం. బల్ల మీద చెవి మిషన్ల కాగితాలు పరుచుకొని ఉంది. వాటి పక్కనే ఒక కాగితం మీద ఏదో రాసుకుంది. మేస్త్రీ తల వంచి చూశాడు. ఇంట్లో వినపడే చప్పుళ్ళూ, వినపడని చప్పుళ్ళూ అని రెండు వరుసలు. గడియారం, కొళాయి, పక్కింటి తలుపు, పావురాలు. పావురాల పక్కన ప్రశ్న గుర్తు. ఇరవై రెండేళ్ళు చెవుల మీద బతికిన మనిషి, తన చెవులను తనే బోనెక్కించి విచారిస్తోంది. ఆ ప్రశ్న గుర్తు చూశాక మేస్త్రీ కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"అక్కా, నీ చెవులకేం కాలేదు. ఊదా గీతలు నేను చెరిపేశాను. పిల్లల గీతలనుకొని స్పిరిట్‌తో తుడిచాను. తరవాత నేనే అడ్డదిడ్డంగా గీశాను. నువ్వు విన్నది నా గాలి."

అక్క, "మళ్ళీ చెప్పు" అంది.

వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. కిటికీ తీసి ఉంది. ఎదురింటావిడ బట్టలారేస్తూ ఆగింది.

"ఇంకోసారి."

మేస్త్రీ మూడోసారి చెప్పాడు. అరవై ఆరేళ్ళ మనిషి, తప్పు చేసి దొరికిపోయిన బడిపిల్లాడిలా నేల చూశాడు.

"మొదటిసారే వినపడింది" అంది అక్క మామూలు గొంతుతో. "రెండోసారి, సరిగ్గానే వినపడిందని నమ్మకం కుదరడానికి. మూడోది నీకోసం."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు అటు తిరిగి నిలబడింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాడు. దగ్గరికెళ్తే, పావురాలను వింటోంది.

"గీతలు పోయినందుకు నాకు కోపం లేదనుకోకు, ఉంది" అంది తిరక్కుండానే. "పదకొండు రోజుల పని. ఆ కోపం తీరడానికి చాలా రోజులు పడుతుంది. కానీ అది పనివాడి తప్పు, చెయ్యి జారింది అనుకుంటాను. మొన్న నేను ఫోన్లో నా చెవులు పోయాయని చెబుతుంటే పక్కన నిలబడి విన్నావే, దానికేం పేరు పెట్టనురా?"



ఆవిడ ఫోను తీసి నంబరు నొక్కి ఆయన చేతిలో పెట్టింది. "నా చెవులు పోయాయని నా నోటితో చెప్పాను. పోలేదని నువ్వు చెప్పు."

"నువ్వే చెబితే..."

"నేను చెబితే ముసలిది మనసు మార్చుకుందనుకుంటారు."

అవతల డైరెక్టరు ఎత్తాడు. మేస్త్రీ తానెవరో చెప్పుకొని, మాటలు కూడదీసుకొని, జరిగింది చెప్పాడు. అంతా విని ఆ కుర్రాడు, "ఒక్క నిమిషం సార్. రిహార్సల్లో ఉన్నాం. మేడమ్ గారి సంగతి తెలిసినప్పట్నుంచీ మావాళ్ళెవరికీ మనసు బాగోలేదు. స్పీకరు పెడతాను, ఆ చెప్పిందే వీళ్ళకీ చెప్పండి" అన్నాడు. కుర్చీలు జరిపిన చప్పుడు, గుసగుసలు, ఎవరో ష్ అనడం వినపడ్డాయి.  కనీసం పాతికమంది ఉండుంటారు.

మేస్త్రీ అక్కవైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"నేను ఆమె తమ్ముణ్ణండీ" అన్నాడు. "లిఫ్టు మెకానిక్‌ని. మా అక్క చెవులు బాగున్నాయి. గాలి తప్పుగా ఉందని ఆమె సరిగ్గానే కనిపెట్టింది. ఆమె గీతలు చెరిపింది నేను. దొంగ గీతలు గీసింది నేను. చెవులు పోయాయనుకుంటుంటే నోరు మూసుకొని నిలబడింది కూడా నేనే."

 అవతల ఎవరో అమ్మాయి "అయ్యో" అంది. ఎవరి గురించి అందో తెలియలేదు.

అక్క ఫోను అందుకుంది. "గాలి మళ్ళీ వెతకాలి బాబూ. పదమూడు రోజులుంది కదా. దొరికితే వస్తా, దొరక్కపోతే అప్పుడే చెబుతా" అని పెట్టేసింది. రేడియో మీది గుడ్డ తీసి మడతపెట్టింది.

"రేపు పొద్దున్నే మీ ఇంటికొస్తాను. మరదల్ని ఖాళీగా ఉండమను. అది విన్నది, దాని చెవి నాకు కావాలి."

"మరి నేనేం చెయ్యనక్కా?"

 "బల్ల మీద నీ సామానంతా తీసెయ్యి. మేం పని చేసుకుంటున్నప్పుడు ఆ గదిలోకి రాకు. పిలిస్తే రా."

క్షమించావా అని అడుగుదామని గుమ్మం దాకా వచ్చి ఆగాడు మేస్త్రీ. అడిగితే ఏం చెబుతుందో తెలిసి, అడక్కుండా చెప్పులేసుకున్నాడు.